నీరు ముందుగా పోతుందని నెత్తురు చెబుతుందా?

రాత్రి పదిన్నర దాటిన తర్వాత ఫోను మ్రోగితే, కడుపుతో ఉన్న ఆడపిల్ల గల ఇంట్లో ఎవరికైనా గుండె ఝల్లుమనక మానదు. ఆ మధ్య ఒక రాత్రి నాకు అలాగే అయింది. హైదరాబాదు నుంచి మా చెల్లెలు.

"అక్కా, రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. అందులో ఒక అంకె క్రింద ఎర్రగీత వేశారు. ఏమిటని లేబొరేటరీకి ఫోను చేస్తే, ఇది తక్కువగా ఉన్నవాళ్ళకు నెలలు నిండకుండా నీరు పోయే ప్రమాదముందండీ అని చెప్పి ఆ అమ్మాయి పెట్టేసింది. మళ్ళీ అలాగే అవుతుందా?"

"మళ్ళీ అలాగే" అన్న ఆ రెండు మాటలకూ మా ఇంట్లో ఒక కథ ఉంది. అది చెప్పకపోతే ఈ వ్యాసం నేనెందుకు వ్రాస్తున్నానో పాఠకులకు బోధపడదు.

2019 నవంబరులో తొలి కాన్పుకని మా అమ్మ దానికి సీమంతం చేసి కాకినాడ తీసుకు వచ్చింది. చేతి గాజులు ఇంకా కొత్తగానే గలగలలాడుతున్నాయి. ఇరవై తొమ్మిదో వారం. ఒక రాత్రి రెండు గంటలకు పక్క తడిసి దానికి మెలకువ వచ్చింది. నొప్పి లేదు, నెత్తురు లేదు. అమ్మ కంగారుపడి నాకు ఫోను చేసింది. అదే ఊళ్ళో నాలుగు వీధుల అవతల ఉంటాను నేను. నిద్రమత్తులో నేనన్న మాట ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది. "ఏడో నెలలో ఉమ్మనీరేమిటమ్మా! కడుపు బరువుకు మూత్రం ఆగి ఉండదు. చీర మార్చి పడుకోబెట్టు, ప్రొద్దున్నే చూద్దాం."

నాలుగు పుస్తకాలు చదివిన పెద్దకూతురు చెప్పింది గదా అని అమ్మ ధైర్యపడింది. ప్రొద్దున తొమ్మిది గంటలకు నర్సింగు హోముకు వెళ్ళాము. డాక్టరమ్మగారు ఒక చిన్న పసుపుపచ్చ కాగితపు ముక్క తడిపి చూశారు. అది నీలంగా మారిపోయింది. "ఎప్పటినుంచి?" అని అడిగారామె. రాత్రి రెండింటినుంచి అని చెప్పడానికి మాకు నోరు రాలేదు. అంత చిన్న బిడ్డను చూసుకునే ఏర్పాట్లు అక్కడ లేవు. పెద్ద ఆసుపత్రికి చేరేసరికి పన్నెండయింది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇవ్వవలసిన నాలుగు ఇంజెక్షన్లలో రెండు పడ్డాయి. మూడోది పడేలోగా కాన్పు అయిపోయింది. 1,250 గ్రాముల మగపిల్లవాడు. నలభై నాలుగు రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడు. ఇప్పుడు ఒకటో తరగతి చదువుతున్నాడు, మా ఇంటికి వస్తే పెరటి జామచెట్టు దిగడు. అయినా ఆ ఏడు గంటలు ఎవరివని అడిగితే నావేనని నాకు తెలుసు.

అందుకని ఈసారి నిద్రమత్తులో జవాబు చెప్పలేదు. "రేపు కనుక్కొని చెబుతాను" అన్నాను. మరునాడు కాలేజీ నుంచి తిన్నగా, ఇంటర్మీడియట్‌లో నా పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలి దగ్గరకు వెళ్ళాను. ఆవిడ ఇరవై ఏళ్ళుగా పురుళ్ళు పోస్తున్న డాక్టరు. ఆ సాయంత్రమూ, ఆ తరువాత చాలా సాయంత్రాలూ ఆవిడ నాకు పాఠం చెప్పింది. మిగిలినది నేను చదువుకొన్నాను.

మొదట ఆ సంచీ సంగతి. మా తెలుగు మేష్టర్లు ప్రాణికోటిని అండజాలు, జరాయుజాలు, స్వేదజాలు, ఉద్భిజ్జాలు అని నాలుగుగా విడదీసి చెబుతాము. జరాయువులో పుట్టేవి జరాయుజాలని పిల్లలచేత వల్లె వేయిస్తాము గాని, ఆ జరాయువు ఎలా ఉంటుందో నేనెన్నడూ ఆలోచించలేదు. బిడ్డ చుట్టూ ఉమ్మనీరు, ఆ నీటి చుట్టూ రెండు పొరలు అంటుకొని ఉంటాయి. లోపలి పొర ఉల్లిపొరంత పలచన. దానిలో ఒక్క రక్తనాళం లేదు, ఒక్క నరం లేదు. నరం లేదు కనుకనే అది చిరిగినా తల్లికి నొప్పి తెలియదు. మా చెల్లెలికి నొప్పి లేకపోవడం చూసి నేను నిశ్చింతపడ్డాను గదా, అది ఎంత పొరపాటో చూడండి. ఇంత పలచని లోపలి పొరే బయటి పొరకంటె గట్టిది. ఆ గట్టితనం కొల్లాజెన్ అనే పీచు పదార్థానిది. మన చర్మాన్నీ కండరాల చివరి కట్లనూ పట్టి ఉంచేది కూడా అదే.

నెలలు నిండేనాటికి ఈ పీచును కరిగించే పదార్థాలు ఆ పొరలోనే తయారవుతాయి. పండు ముగ్గినప్పుడు తొడిమ వదులైనట్టు సంచీ తనంతట తాను బలహీనపడి, నొప్పుల సమయానికి పగులుతుంది. నెలలు నిండిన వారిలోనూ నూటికి ఎనిమిది మందికి నొప్పులు రాకముందే నీరు పోతుంది. అది అంత భయపడవలసింది కాదు, చాలామందికి ఒక రోజులోగా నొప్పులు వచ్చేస్తాయి. చిక్కల్లా 37 వారాలు నిండకముందు పోయినప్పుడు. అలా జరిగేది నూటికి సుమారు ముగ్గురికి. ఈ ముగ్గురే నెలలు నిండని కాన్పుల మొత్తంలో దాదాపు మూడో వంతుకు కారణం. అందులోనూ సగంమందికి వారం తిరక్కుండానే కాన్పు అయిపోతుంది.

కారణాలు? లోపల సూక్ష్మక్రిములు చేరడం ఒకటి. గర్భం మధ్యలో నెత్తురు కనబడటం, కవల పిల్లలు, ఉమ్మనీరు మరీ ఎక్కువై సంచీ సాగడం, పొగత్రాగడం, తల్లి మరీ బక్కపలచన కావడం, గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉండటం ఇంకొన్ని. ఇవేవీ లేని వారికీ జరుగుతుంది, మా చెల్లెలికి ఇవేవీ లేవు. చేతులు పైకెత్తి బట్టలు ఆరేసిందనీ, మెట్లెక్కిందనీ, గ్రహణం చూసిందనీ దాన్ని ఆ రోజుల్లో ఎంతమంది ఎన్ని మాటలన్నారో! వాటిలో దేనికీ ఆధారం లేదు. మంచం దిగకుండా పడుకోబెడితే నీరు పోకుండా ఆగుతుందనడానికి కూడా ఆధారం లేదట. ఈ సంగతి తెలిసిన రోజున మా చెల్లెలి అత్తగారికి ఫోను చేసి చెప్పాలని మహా సరదా పుట్టింది గాని, చుట్టరికం దృష్ట్యా మానుకొన్నాను.

ఇక రక్తపరీక్ష. గర్భం పదకొండు, పదమూడు వారాల మధ్య తల్లి రక్తం తీసి రెండు పదార్థాలు కొలుస్తారు, దానితోబాటు స్కానింగు చేసి బిడ్డ మెడ వెనుక నీటి మందం చూస్తారు. ఈ మూడూ కలిపితే, బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వంటివి ఉండే అవకాశం ఎంతో లెక్క తేలుతుంది. అసలు ఆ పరీక్ష పుట్టింది అందుకే. ఆ రెండు పదార్థాలలో ఒకదానిని పొట్టిగా "పాప్-ఏ" అంటారు. ఫోనులో మా చెల్లెలు ఆ పేరు చెబుతుంటే నాకు మాత్రం "పాప" అనే వినబడింది.

ఈ పాప్-ఏను 1974లో గర్భిణుల రక్తంలో గుర్తించారు. మాయ దీన్ని తయారుచేసి తల్లి రక్తంలోకి వదులుతుంది. ఇది ఏం పని చేస్తుందో మాత్రం పాతికేళ్ళదాకా తెలియలేదు. 1999లో తేలిందేమంటే, ఇది ఒక ముడి విప్పే పదార్థమని. శరీరంలో పెరుగుదలకు తోడ్పడే ఒక ద్రవ్యం వేరొక దానితో ముడిపడి కదలక ఉంటుంది. పాప్-ఏ వచ్చి ఆ ముడి కోస్తే, అది విడుదలై మాయ ఎదగడానికి సాయపడుతుంది. కనుక తొలి రోజుల్లోనే పాప్-ఏ బాగా తక్కువగా ఉంటే, మాయ పాదుకోవడంలో ఎక్కడో కొరత ఉందేమోనన్న అనుమానం సహజం.

ఆ అనుమానాన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. అమెరికాలో జరిగిన "ఫాస్టర్" అనే పరిశోధనలో సుమారు 34,000 మంది గర్భిణుల లెక్కలు తీసి 2004లో ప్రకటించారు. పాప్-ఏ అందరిలోకీ అడుగున ఉన్న నూటికి ఐదుగురిలో గర్భస్రావం, బిడ్డ బరువు తగ్గడం, రక్తపు పోటు, నెలలు నిండని కాన్పు, వీటితోబాటు ముందుగా నీరు పోవడం కూడా మిగిలినవారికంటె ఎక్కువగా కనిపించాయి. లేబొరేటరీ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదన్నమాట. అయితే ఆ పరిశోధకులే మరొక మాట కూడా వ్రాశారు. ఈ ఒక్క అంకెతో ఎవరికి ఏం జరుగుతుందో ముందుగా చెప్పగల శక్తి చాలా తక్కువ అని. ఫోనులో రాలిపోయింది ఈ రెండో మాటే.

నేను ఇక్కడే తికమకపడ్డాను. సంబంధం ఉన్నదంటారు, జోస్యం చెప్పదంటారు, ఇదేమి తర్కం? నా స్నేహితురాలు మందుల చీటీ వెనక్కి త్రిప్పి లెక్క వేసి చూపించింది.

"చూడవే, వెయ్యిమంది గర్భిణులనుకో. వాళ్ళలో ముప్పైమందికి నెలలు నిండకుండా నీరు పోతుంది. పాప్-ఏ తక్కువైనవాళ్ళు నూటికి ఐదుగురు గదా, అంటే వెయ్యికి యాభైమంది. వాళ్ళకు ప్రమాదం రెట్టింపు అనే అనుకుందాం, లెక్క సులువు కోసం. నూటికి ముగ్గురికి బదులు ఆరుగురు. అంటే యాభైలో ఎంతమందికి?"

"ముగ్గురికి."

"మిగతా నలభై ఏడుమంది?"

"ఏమీ జరగదు."

"కాని ఆ నలభై ఏడుగురూ ఆరు నెలలు నిద్రపోరు. మరి నీరు పోయిన ముప్పైమందిలో మిగిలిన ఇరవై ఏడుగురు ఎక్కడున్నారు? రిపోర్టు చక్కగా ఉందని స్వీట్లు పంచుకొన్నవాళ్ళలో ఉన్నారు."

నాకు లెక్కలు రావు గాని ఆ చీటీ మాత్రం దాచుకొన్నాను. ఎర్రగీత పడినవారిలో ఎక్కువమందికి ఏమీ కాదు, జరగబోయేవారిలో ఎక్కువమందికి ఎర్రగీతే పడదు. ఇటువంటి పరీక్షను పట్టుకొని ధైర్యమూ చెప్పలేము, భయపెట్టనూ లేము.

పాప్-ఏ ఒక్కటే కాదు. తెల్లకణాల లెక్క, వాటిలో ఒక రకానికీ మరొక రకానికీ ఉన్న నిష్పత్తి, ఒంట్లో వాపును తెలిపే సి.ఆర్.పి. అనే పదార్థం, ఇలా తొలినెలల రక్తంలో ఎన్నింటినో పట్టి చూశారు. కొన్నిచోట్ల సంబంధం కనబడింది, కనబడింది గాని పైన చెప్పిన లెక్క దగ్గరే అన్నీ తట్టుకు పడిపోయాయి. ముందుగా నీరు పోతుందా లేదా తెలుసుకోవడానికని గర్భం తొలి రోజుల్లో ఫలానా రక్తపరీక్ష అందరికీ చేయించండని ప్రసూతి వైద్యుల సంఘాలు ఇప్పటికీ చెప్పడం లేదు.

పరిశోధన ఆగిపోయిందని కాదు. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ క్వేక్, ఆయన సహచరులూ తల్లి రక్తంలో తేలియాడే ఆర్.ఎన్.ఎ. తునకలను చదివి, నెలలు నిండని కాన్పును రెండు నెలల ముందుగా పసిగట్టవచ్చునేమోనని ప్రకటించారు. క్వేక్‌గారి కూతురు కూడా దాదాపు నెల ముందుగా పుట్టిన పిల్లేనట. అయితే వారు చూసినది కొద్ది పదులమందిని మాత్రమే. మన దేశంలో కూడా గురుగ్రామ్ ప్రభుత్వాసుపత్రిలో 2015 నుంచి "గర్భిణి" అనే పేరుతో ఎనిమిది వేలమంది తల్లులను తొలి నెలలనుంచి వెంబడించే పెద్ద పరిశోధన ఆరంభించారు. ఆ పని మన దేశంలో జరగడం అవసరం కూడా. 2020లో ప్రపంచం మొత్తంమీద నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఒక కోటీ 34 లక్షలమంది కాగా, వారిలో ముప్పై లక్షలమంది భారతదేశపు పిల్లలే.

సరే, మా చెల్లెలి రిపోర్టు. పాప్-ఏ 0.38 ఉంది. అంటే అదే వారంలో ఉన్న గర్భిణులలో నడిమి అంకె ఒకటి అనుకుంటే, దీనిది అందులో నలభై వంతులకు కొంచెం తక్కువ. నా స్నేహితురాలు దాన్ని చూసి పక్కన పెట్టేసింది.

"దీనికి చేయవలసిన పని ఉందిలే. 0.4 దగ్గర తగ్గితే బిడ్డ ఎదుగుదల వెనుకబడే అవకాశం ఉంది, ఎనిమిదో నెల దగ్గరనుంచి అదనంగా స్కానింగులు చేయిస్తారు. బి.పి. జాగ్రత్తగా చూస్తారు. ఆస్ప్రిన్ మాత్ర కావాలో అక్కరలేదో దాని డాక్టరు చెబుతుంది, నువ్వూ నేనూ కాదు. కాని నీరు పోయే విషయం నన్నడిగితే, ఈ కాగితం కంటె మీ చెల్లెలి కథే ఎక్కువ చెబుతోంది. ఒకసారి అలా జరిగినవాళ్ళకు మళ్ళీ జరిగే అవకాశం మిగిలినవాళ్ళకంటె కొన్ని రెట్లు ఎక్కువ. దానికి ఏ రక్తమూ తీయక్కరలేదు, నోటితో అడిగితే చాలు."

ఆ మాట విని నేను చాలాసేపు ఊరుకొన్నాను. చెల్లెలికి ధైర్యం చెబుదామని వెళితే ఆవిడ నాకు ఇంకా పెద్ద భయం చూపించింది. అయితే ఇది పనికివచ్చే భయం. ఎందుకంటే కథ తెలిసిన డాక్టరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పదహారు, ఇరవై నాలుగు వారాల మధ్య గర్భాశయ ముఖద్వారం పొడవును లోపలినుంచి స్కానింగు చేసి కొలుస్తారు. అది 25 మిల్లీమీటర్లకంటె పొట్టిగా ఉంటే ప్రొజెస్టెరాన్ మందు లోపల పెట్టుకోమంటారు, కొందరికి కుట్టు వేస్తారు. మూత్రంలో క్రిములుంటే ముందే మందు ఇస్తారు. ఇవేవీ సంచీని ఉక్కు చేయవు, కొందరికి నెలలు పొడిగిస్తాయి.

ముందే తెలియకపోయినా, తెలిసిన క్షణాన చేయవలసినది మాత్రం ఖాయంగా తెలుసు. దాని వెనుక ఒక గొర్రెపిల్ల కథ ఉంది. న్యూజీలండ్ దేశంలో ఆక్లండ్ నగరంలో లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు, నొప్పులు ఎలా మొదలవుతాయో తెలుసుకొందామని చూలుతో ఉన్న గొర్రెల మీద ప్రయోగాలు చేస్తుండేవాడు. ఒక పిల్లకు కార్టికోస్టెరాయిడ్ అనే మందు అందింది. అది నెలలు నిండకుండా పుట్టింది. దాని ఊపిరితిత్తులు ఇంకా తయారై ఉండవు, లెక్కప్రకారం చచ్చిపోవాలి. ఉదయం వచ్చి చూస్తే ఊపిరి పీలుస్తూ ఉంది! బ్రతకకూడని పిల్ల ఎందుకు బ్రతికిందని ఆయన ఆలోచించాడు. అది 1969 నాటి మాట. 1972లో ఆయనా, హోవీ అనే పిల్లల వైద్యుడూ కలిసి, నెలలు నిండకుండా కాన్పు కాబోతున్న తల్లులకు ఆ ఇంజెక్షన్లు ఇచ్చి చూశారు. పిల్లలలో ఊపిరాడని జబ్బు తగ్గింది, మరణాలు తగ్గాయి. ఇంత స్పష్టంగా తేలిన మందు ప్రపంచమంతటా మామూలు వైద్యంగా స్థిరపడటానికి ఇరవై ఏళ్ళు పైగా పట్టింది. అదేమి చిత్రమో! బీద దేశాల్లో కూడా ఇది పనిచేస్తుందా అన్న సందేహాన్ని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన తీర్చింది. అందులో మన దేశపు తల్లులూ ఉన్నారు.

మనవైపు వాడేది డెక్సామెథసోన్. పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు. మందు పనిచేయడానికి గంటలు కావాలి. ఆ గంటలనే నేను ఆ రాత్రి చీర మార్చి పడుకోబెట్టమన్నాను. నీరు పోయినవారికి క్రిములు చేరకుండా ఎరిత్రోమైసిన్ ఇవ్వడం మేలని 2001లో వెలువడిన "ఆరకిల్" పరిశోధనలో తేలింది. అదే పరిశోధనలో మరొక యాంటీబయాటిక్ వల్ల పసిబిడ్డల పేగులకు హాని కలిగినట్టు కూడా తేలింది. ఇంట్లో ఉన్న మాత్ర ఏదో ఒకటి వేసేసే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

నీరో, మూత్రమో ఎలా తెలుస్తుంది? ఇంట్లో తెలియదు, తెలుసుకోవాలని ప్రయత్నించకూడదు కూడా. మూత్రమైతే కొంతసేపటికి ఆగుతుంది, ఉమ్మనీరు బొట్లు బొట్లుగా వస్తూనే ఉంటుందని చెబుతారు గాని, అంతకంటె ఎక్కువ నమ్మకం వద్దు. శుభ్రమైన గుడ్డ పెట్టుకొని, గడియారం చూసి వేళ గుర్తుంచుకొని, రంగు చూసి, వెంటనే బయలుదేరడమే. ఆసుపత్రిలో ఆ రంగుమారే కాగితం ఉంది. ఉమ్మనీరు క్షారగుణం కలది కనుక కాగితం నీలమవుతుంది. గాజుపలక మీద ఒక చుక్క ఆరబెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే ఫెర్న్ ఆకుల్లాంటి ముగ్గు కనబడుతుంది. నా స్నేహితురాలు ఒకసారి నాకది చూపించింది. అంత అందమైన దృశ్యం అంత భయంకరమైన వార్త చెబుతుందని ఎవరు అనుకుంటారు!

ఇంకొక్క మాట. ఏడో నెల బిడ్డ బ్రతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బ్రతకదు అని మన ఇళ్ళలో పెద్దలంటారు. ఇది మన ఒక్కరి నమ్మకమే కాదు, ప్రాచీన గ్రీకు వైద్యులు కూడా అదే వ్రాసుకొన్నారు. అది నిజం కాదు. లోపల గడిపిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఈ నమ్మకం పట్టుకొని ఎనిమిదో నెలలో నీరు పోయినామెను "ఎలాగూ..." అని నిదానంగా తీసుకు వెళ్ళినవారిని నేనెరుగుదును.

ఆ రాత్రి చెల్లెలికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. ముప్పై, యాభై, నలభై ఏడు లెక్క కూడా చెప్పాను. అది కాసేపు ఊరుకొని, "అయితే ఆ గీత గురించి ఏడవక్కరలేదన్నమాట" అంది.

"ఆ గీత గురించి అక్కరలేదు. మీ డాక్టరుగారికి 2019 సంగతి తారీకులతో సహా చెప్పావా?"

"బాబు తొందరగా పుట్టాడని చెప్పాను."

"నీరు పోయి పుట్టాడని చెప్పావా?"

చెప్పలేదట. అడగలేదట, ఇది చెప్పలేదట. మరునాడే వెళ్ళి చెప్పింది. ఇరవయ్యో వారంలో కొలిస్తే ముఖద్వారం 34 మిల్లీమీటర్లు ఉంది. ఎదుగుదల స్కానింగులు జరుగుతున్నాయి. బిడ్డ కొంచెం చిన్నదేగాని తన దారిన తాను పెరుగుతూనే ఉంది.

ఈసారి సీమంతం హైదరాబాదులోనే, దాని ఇంట్లోనే చేశాము. పిల్లల ఐ.సి.యు. ఉన్న ఆసుపత్రి అక్కడికి పావుగంట దూరం. కాకినాడ తీసుకు వస్తానని అమ్మ పట్టుబట్టింది గాని నేను పడనివ్వలేదు. అమ్మే పెట్టె సర్దుకొని అక్కడికి వెళ్ళింది. ఇది వ్రాస్తున్న నాటికి ముప్పై ఒకటో వారం నడుస్తున్నది. గుమ్మం పక్కన ఒక సంచీలో రెండు నూలుచీరలు, ఫైలు, ఆటో అబ్బాయి నంబరు వ్రాసిన కాగితం ఉన్నాయి. నా ఫోను మాత్రం రాత్రిళ్ళు దిండు పక్కనే ఉంటోంది. మా మేనల్లుడు నిన్న ఫోను చేసి, చెల్లెలు ఎప్పుడొస్తుంది పెద్దమ్మా అని అడిగాడు. చెల్లెలో తమ్ముడో తెలియదురా అంటే, చెల్లెలేనని వాడు ఘంటాపథంగా చెప్పాడు.